లాభం, రెండు, మూడు

ముందు పోయినవి లెక్క చూసుకుందాం. మా ఆవిడ మొదటిసారి వెళ్లిన ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగం పోయింది, అది ఒకటి. పొయ్యి దగ్గర నిలబడి ఆసుపత్రి కబుర్లు చెబుతూ కూర మాడబెట్టే అలవాటు పోయింది, రెండు. ఆదివారం ఆరాధనలో కాగితం చూడకుండా లేచి నిలబడి చేసే ప్రార్థన పోయింది, మూడు. నన్ను ఎగతాళి చెయ్యడం పోయింది. ఈ నాలుగోది చిన్నదే అనుకున్నాను గాని, ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది దీనివల్లే. ఇవి కాక ఇంకొకటి ఉంది. దాన్ని పోయినవాటి కింద రాయాలో, బాకీ కింద రాయాలో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ఇన్నీ పోవడానికి ఒక వర్షాకాలం సరిపోయింది. పోగొట్టినవాణ్ణి నేను.

నేను రావులపాలెంలో అరటి గెలల కమీషను కొట్లో గుమాస్తాని. పదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు బళ్లో వచ్చినవి కావు. కొట్లో చేరిన కొత్తలో ఒక పెద్ద గుమాస్తాగారు ఉండేవారు, ఆయన పావు, అర, ముప్పావు ఎక్కాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఆయన వెనకాల తిరిగి విని విని నేర్చుకున్నాను. మిగతావి పాత పుస్తకాలు కొనుక్కుని నా అంతట నేనే కుస్తీ పట్టాను. ఇవాళ లారీ పక్కన నిలబడి ఒకసారి చూస్తే అందులో ఎన్ని గెలలు పట్టాయో చెప్పగలను, నాలుగైదుకి మించి తేడా రాదు. రైతులు సైకిళ్ల మీద తెచ్చిన గెలలు దించుతుంటే, కాయల వరసల్ని, మా భాషలో అత్తాల్ని, తడిమి చూసి లెక్కపెట్టేది నేనే. మా కొట్లో లెక్క ఒకటితో మొదలవదు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని లాభం అంటారు కదా, పెద్ద గుమాస్తాగారు ఆ అలవాటు గెలలకి కూడా తెచ్చారు, నాకు అంటించారు. లాభం, రెండు, మూడు, నాలుగు. నోరు ఇలా అంటూ ఉంటే బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తూ ఉంటుంది. ఒక చేతికి పన్నెండు.

మా ఆవిడ రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. ఆవిడతో పాటు నర్సింగు చదివిన ఒక స్నేహితురాలు ఐర్లాండులో పనిచేస్తోంది. ఆవిడ ఫోన్లు చేసి చేసి, నువ్వూ రావే, నలభై దాటినా తీసుకుంటారు, ఇంగ్లీషు పరీక్ష ఒకటి గట్టెక్కాలంతే అని నూరిపోసింది. మా ఆవిడకి ఆశ పుట్టింది. జీతం ఎంతో నాకు ఒకసారే చెప్పింది. ఇంకో మాట మాత్రం నాలుగైదుసార్లు చెప్పింది.

"అక్కడ నర్సు ఏదన్నా చెబుతుంటే డాక్టరు నిలబడి వింటాడంటండీ."

జీతం అంకె నాకు గుర్తుండిపోయింది. ఈ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. మాట్లాడడంలో తొమ్మిదికి ఏడు రావాలి. ఏడు రాకపోతే మిగతా మూడింట్లో ఎంత వచ్చినా దండగే. సెలవు రోజుల్లో రాజమహేంద్రవరంలోనే కోచింగుకి వెళ్లింది. చివర్లో వాళ్లు నమూనా పరీక్ష పెడితే మాట్లాడడంలో ఆరున్నర వచ్చింది. అక్కడి మాస్టారు, మీరు ధారాళంగా మాట్లాడతారమ్మా, తప్పులు ఉన్నాయి గాని అవే సర్దుకుంటాయి, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ మాట్లాడండి, అర ఎంతలో వస్తుంది అన్నాడట. ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఇదంతా చెప్పి, ఇంట్లో ఎవరున్నారండీ మీరు తప్ప అంది.

నన్ను ఎదురుగా కూర్చోమంది. అంతే. నేను దాన్ని ఉద్యోగం కింద తీసుకున్నాను.

మాట్లాడే భాగంలో అసలు చిక్కు నడిమి ఘట్టం. చేతికి ఒక కార్డు ఇస్తారు. మీకు నచ్చిన చోటు గురించి చెప్పండి అనో, మీరు సాయపడిన మనిషి గురించి చెప్పండి అనో దాని మీద ఉంటుంది. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం. తర్వాత రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. ఎదుటి వాళ్లు మధ్యలో సాయం రారు.

నేనొక వ్యాకరణం పుస్తకం కొన్నాను. కొట్లో ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. నెల తిరిగేసరికి ఏ మాటకి ఏ తోక తగలాలో, జరిగిపోయినదాన్ని ఎలా చెప్పాలో, జరుగుతున్నదాన్ని ఎలా చెప్పాలో లెక్కల సూత్రాల్లాగే పట్టుబడ్డాయి. ఇంగ్లీషులో ఒక్క వాక్యమైనా నా నోటితో పలికి ఎరగను. ఎవరైనా పలికితే మాత్రం అందులో తప్పు ఎక్కడుందో పట్టెయ్యగలను. అది చాలనుకున్నాను.

సాయంత్రాలు వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసేవాణ్ణి. మధ్య స్టూలు మీద బోర్లించిన స్టీలు గ్లాసు, దానికి ఆనించిన ఫోను, ఫోనులో గడియారం. మొదటి రోజు కార్డు చదువుకున్న బడి గురించి. ఆవిడ మొదలుపెట్టి రెండు నిమిషాలు దాటినా ఆపలేదు. బడిలో కిటికీ రెక్క ఊడిపోతే టీచరమ్మ తన గొడుగు అడ్డం పెట్టి పాఠం చెప్పడం, గుత్తొంకాయ కూర తెచ్చుకున్న రోజునే కాకి క్యారేజి మూత తన్నడం, అన్నీ చెప్పింది. ఇంగ్లీషు మాట తట్టని చోట చేతులతో చెప్పింది. కాకిలా తల తిప్పింది. నేను కణుపుల మీద వేలు నడిపిస్తూ కూర్చున్నాను. అయిపోయాక ముప్పై ఒకటి అన్నాను.

"ఏంటి ముప్పై ఒకటి?"

తప్పులు అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

"నేనేమన్నా చక్కెరకేళి గెలనా ఏంటండీ, అత్తం అత్తం తడిమి చూస్తన్నారు?"

అప్పట్లో అలా ఉండేది. నేనూ నవ్వాను. మర్నాడు ఆవిడ మొదటి తప్పు చెయ్యగానే సరదాకి పైకే లాభం అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వు ఆపుకుంటూ ముందుకు వెళ్లింది. రెండు అన్నాను. మళ్లీ నవ్వింది. ఆ తర్వాత అదే పద్ధతి అయిపోయింది. ఎన్నో రోజు నుంచి నవ్వడం మానేసిందో నాకు తెలియదు. దాన్ని లెక్కపెట్టలేదు.

ముప్పై ఒకటి ఇరవై నాలుగైంది. ఇరవై నాలుగు పదిహేడైంది. రెండు వారాలు పోయాక పన్నెండు. కొట్లో యజమానిగారితో కూడా గొప్పగా చెప్పుకున్నాను, మా ఇంట్లో ఇంగ్లీషు తప్పులు వారానికి ఇన్ని చొప్పున పడిపోతున్నాయని. ఆయన టీ తాగుతూ, నీ దగ్గర పడితే తప్పులైనా పారిపోవలసిందేనయ్యా అన్నారు. ఆ మాట మెచ్చుకోలని మోసుకుని ఇంటికొచ్చాను.

నేను నా వృత్తికే సిగ్గుపడవలసిన సంగతి ఇక్కడ ఉంది. కొట్లో రైతు ఎవరైనా వచ్చి, ఈసారి దెబ్బతిన్న గెలలు పదే ఉన్నాయండి అంటే, నేను మొదట అడిగే ప్రశ్న మొత్తం ఎన్ని తెచ్చావు అని. రెండు వందలు తెస్తే పది మంచి లెక్క. ఇరవై తెస్తే పది కొంప మునిగిన లెక్క. ఈ ప్రశ్న రోజూ అడుగుతాను. వరండాలో ఒక్కరోజూ అడగలేదు. తప్పులు తగ్గుతున్నాయని చూశాను గాని మాటలు ఎన్ని మిగిలాయో చూడలేదు. ఆగస్టు నెలలో మళ్లీ బడి కార్డే తీశాను. మా బడి మంచిది, మా ఇంటికి దగ్గర, నాకు మా బడి ఇష్టం అని మూడు వాక్యాలు చెప్పి ఆవిడ ఆగింది. గొడుగు లేదు, కాకి లేదు. తప్పులు కూడా లేవు. చూశావా అన్నాను.

ఒకసారి ఆవిడే అడిగింది.

"మీరోసారి మాట్లాడండి. రెండు నిమిషాలు అక్కర్లేదు, అర నిమిషం. నేను కూర్చుని వింటాను."

పరీక్ష నీకా నాకా అన్నాను. నిజానికి నాకు భయం వేసింది. నోరు తెరిస్తే ఎన్ని దొర్లుతాయో నాకు బాగా తెలుసు. అవి ఆవిడ వింటుందని తలచుకుంటేనే చెవులు వేడెక్కాయి. నేను అర నిమిషం మొయ్యలేని బరువు ఆవిడ చేత రోజూ రెండు నిమిషాలు మోయిస్తున్నానని అప్పుడే తట్టవలసింది. తట్టలేదని చెప్పను. తట్టింది, పక్కకి నెట్టేశాను.

ఆ మధ్యే ఒక నియమం కూడా పెట్టాను. పది తప్పులైతే ఆట ఆగిపోతుంది. గడియారం ఆపేసి, పది తప్పులూ దిద్ది, ఒక్కొక్కటీ సరిగా చెప్పించి, మర్నాడు మళ్లీ మొదలు. అలా చేస్తే జాగ్రత్త పెరుగుతుందని నా లెక్క.

ఆ రోజు సాయంత్రం ముసురు పట్టింది. జల్లు కొడుతుంటే కుర్చీలు గోడవైపు జరుపుకున్నాం. కార్డు, మీరు సాయపడిన మనిషి. దానికి ఆవిడ ముందే ఒక చిన్న జవాబు కట్టుకుని ఉంది, బస్సులో ఎవరికో సీటు ఇచ్చినట్టు. ఆ జవాబులో తప్పులు ఉండవు. ఆ రోజు ఎందుకో అది చెప్పలేదు. గడియారం నొక్కగానే కాసేపు వాన చూసి, వార్డులో ఒక ముసలాయన గురించి మొదలుపెట్టింది.

రామచంద్రపురం వైపు మనిషి, జీవితమంతా కొబ్బరికాయలు ఒలిచిన ఆయన. కొడుకు చేర్పించి వెళ్లాడు, సాయంత్రం వచ్చి కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు. ముసలాయన ఎవరితోనూ మాట్లాడడు, మందులు మాత్రం అడక్కుండా మింగేస్తాడు. ఇదంతా ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో, చాలా రోజుల తర్వాత చేతులు కదుపుతూ, తొందర తొందరగా చెబుతోంది. నేను వేళ్లు నడిపిస్తున్నాను. అయిదు. ఆరు. ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకున్నాడని చెబుతూ తన కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని చూపించింది. ఎనిమిది. తొమ్మిది.

"హి ఆస్క్ మీ వన్ థింగ్," అంది.

"పది," అన్నాను.

ఫోను నొక్కాను. ఒక నిమిషం పది సెకన్లు.

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. నన్ను చూసింది, ఫోను చూసింది, చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. సరే అంది. నేను వరసగా పది తప్పులూ చెప్పాను. ఒక్కొక్కటీ బళ్లో పిల్లలాగా సరిచేసి తిరిగి చెప్పింది. ఆయన నన్ను ఒకటి అడిగాడు అనే వాక్యం కూడా తప్పు లేకుండా చెప్పింది. ఏమడిగాడో నేను అడగలేదు. నాకు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పద్యంలో గణాలు లెక్కపెట్టేవాడికి పద్యం వినబడనట్టు, నాకు ఆ ముసలాయనే వినబడలేదు.

పరీక్ష విజయవాడలో. తోడు వెళ్లాను. లోపలికి పంపించి బయట చెట్టు కింద నిలబడ్డాను. లోపలికి వెళ్లినవాళ్లంతా పిల్లలే, మా అమ్మాయి కంటే నాలుగేళ్లు పెద్దవాళ్లు. వాళ్లు బయటికొచ్చి ఒకళ్లనొకళ్లు తట్టుకుంటూ, ఏ కార్డు వచ్చింది నీకు అని అడుగుతున్నారు. ఆవిడ బ్యాగు ముందుకు పట్టుకుని వాళ్ల మధ్యలోంచి వచ్చింది. అయిపోయింది, పదండి అంది.

బస్సులో ఏలూరు దాకా మాట్లాడలేదు. తణుకు దాటింది. నేను పొట్లం కట్టించిన పులిహోర తినమంటే ఒళ్లో పెట్టుకుంది. సిద్ధాంతం వంతెన మీదికి బస్సు ఎక్కాక, కిటికీలోంచి వశిష్ఠ గోదావరిని చూస్తూ చెప్పింది.

"మూడో వాక్యంలోనే తప్పు దొర్లిందండీ. నా నోటితో నేనే లాభం అన్నాను. పైకే అన్నాను."

పరీక్ష చేసే ఆవిడ, మీరేమన్నారు అని అడిగిందట. ఏం లేదు మేడమ్, సారీ అని మళ్లీ మొదలుపెట్టిందట. పాపం ఆ మేడమ్ మంచావిడేనట, నవ్వు మొహంతో తల ఆడిస్తూనే ఉందట. కానీ ఈవిడకి రెండు వచ్చింది, మూడు వచ్చింది. చెబుతున్నది మర్చిపోయి అవే లెక్కపెట్టుకుంటూ ఉండిపోయిందట.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. దీన్ని ఎన్నిసార్లు తుడిచేద్దామనుకున్నా ఉన్నదున్నట్టు రాయక తప్పదు.

"ఎన్ని దాకా వచ్చింది?" అన్నాను.

ఆవిడ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. కోపం లేదు. కొట్లో సరుకు తూకం అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"తొమ్మిది. పదోది రాకూడదని మాట్లాడడం ఆపేశాను."

ముందు సీట్లో ఉన్నాయన ఒకసారి వెనక్కి చూసి మళ్లీ తిరిగిపోయాడు. వంతెన అయిపోయింది. పులిహోర ఇంటికి తెచ్చి వీధిలో కుక్కకి పెట్టాం.

మాట్లాడడంలో ఆరు వచ్చింది. నా దగ్గరికి రాకముందు ఆరున్నర. ఆ వర్షాకాలమంతా సాయంత్రం సాయంత్రం నేనిచ్చిన శిక్షణకి విలువ కడితే మైనస్ అర. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కూడా నాతో అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత ఇంట్లో మాట పలచబడింది. అలగడం కాదు. అలిగితే నాకు తెలుస్తుంది, గిన్నెల చప్పుడులోనే తెలుస్తుంది. ఇది వేరు. కూరేం చెయ్యమంటారు, గ్యాసు అయిపోయింది, రేపు నైటు డ్యూటీ. అవసరమైనంత వరకే వాక్యాలు, అవీ పొందిగ్గా. పూర్వం కూర కలుపుతూ వెనక్కి తిరిగి నాకు ఏదో చెబుతుంటే అడుగంటిన వాసన వచ్చేది, నేను విసుక్కునేవాణ్ణి. ఆ ఏడాది శీతాకాలమంతా మా ఇంట్లో ఒక్క కూర మాడలేదు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చెయ్యమని ఆడవాళ్ల వైపు చూశారు. ఎప్పుడూ లేచేది మా ఆవిడే. వానల గురించి, కూలి దొరకని వాళ్ల గురించి, ఆసుపత్రిలో ఆ వారం పోయినవాళ్ల గురించి కళ్లు మూసుకుని అలా చెప్పుకుంటూ పోయేది, ముసలమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు. ఆ రోజు పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. మా ఆవిడ తల అడ్డంగా ఊపి, అవతలావిడ వైపు చెయ్యి చూపించింది. మగవాళ్ల వైపు నుంచి నేను చూశాను. ఆ అవతలావిడ లేచి రెండు మాటలు చెప్పి ఆమెన్ అనేసింది. దేవుడితో తెలుగులో మాట్లాడే మాటల్లోకి కూడా నా లెక్క వెళ్లి కూర్చుందని నాకు అక్కడ అర్థమైంది. తల ఎత్తలేకపోయాను. ప్రార్థనలో తల వంచుకున్నాననే అందరూ అనుకుని ఉంటారు.

వరండాలో కుర్చీలు నేనే తీసేశాను. మళ్లీ పరీక్ష కడతానని ఆవిడ చెప్పినప్పుడు, నేనిక లెక్కపెట్టను, ఊరికే వింటాను అని అందామనుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆవిడ అంది.

"ఈసారి మీరు తోడు రావద్దండీ. ఏమనుకోకండి."

ఏమనుకోను అన్నాను. ఒక్కతే వెళ్లింది. రాత్రి బస్సు దిగి వచ్చి, బాగానే అయింది అంది. ఫలితం వచ్చింది. ఏడు.

సంతోషించాను, అబద్ధమెందుకు. స్వీట్లు తెచ్చాను. ఐర్లాండు స్నేహితురాలు ఫోను చేసి గంట మాట్లాడింది. ఆ గంటలో మా ఆవిడ నవ్వు గది బయటికి వినబడింది. నేను వరండాలో నిలబడి విన్నాను.

ఏడు ఎలా వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఆసుపత్రిలో ఆవిడతో పాటు పనిచేసే చిన్న నర్సు ఒక అమ్మాయి ఉంది, మా ఊరి నుంచే బస్సులో వెళుతుంది. వాళ్లింట్లో గృహప్రవేశమని మా కొట్టుకి గెల కొనడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి పలకరించింది.

"అక్క బస్సులో నోరు ముయ్యదండి బావగారూ. ఇక్కడ ఎక్కిన దగ్గర్నుంచి మోరంపూడి దాకా ఇంగ్లీషే. కండక్టరు కూడా మమ్మల్ని మేడమ్‌లంటున్నాడు."

ఇద్దరూ రోజూ అలా మాట్లాడుకునే వెళ్లేవారట. తప్పులు ఎవరు చూసేవాళ్లు అని అడిగాను. ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కానట్టుంది. తప్పులెవరు చూస్తారండి, బస్సు గోలలో అసలు మాట వినబడితే చాలు అంది. గెల ఎంచుకుని, డబ్బు ఇచ్చి, ఆటోలో ఎక్కించాక వెనక్కి తిరిగింది.

"ఆ కొబ్బరికాయల తాతగారి సంగతి చెప్పినప్పుడైతే జొన్నాడ వంతెన మీద ఏడ్చేశానండి నేను. అందరూ చూశారు. మీకు తెలిసే ఉంటుందిగా."

ఆ, తెలుసు అన్నాను.

ఆటో వెళ్లిపోయింది. సైకిలు మీద నుంచి ఎవరో గెలలు దించుతున్నారు. లెక్క పెట్టండి గుమాస్తాగారూ అంటే, మొదలుపెట్టి, నాలుగు దగ్గర తప్పిపోయాను. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. మళ్లీ మొదటినుంచి పెట్టమంటే ఆ మొదటి మాట నోట రాలేదు. ఒకటి అన్నాను. రైతు నా మొహం వైపు వింతగా చూశాడు. ఇప్పటికీ కొట్లో ఒకటి అనే మొదలుపెడుతున్నాను. యజమానిగారికి నచ్చలేదు, అయినా ఊరుకున్నారు.

కావాలంటే ఆ అమ్మాయిని అడగవచ్చు, ముసలాయన ఏమడిగాడో. చెబుతుంది. కానీ తెలుసని చెప్పేశాను. పైగా అది ఆవిడ నాకు చెప్పబోయిన మాట. ఇంకొకరి దగ్గర వినేస్తే బాకీ తీరినట్టు కాదు, ఎగ్గొట్టినట్టు.

ఇప్పుడు ఆవిడ కాగితాల కోసం చూస్తోంది. అవి వస్తే వెళ్లిపోతుంది. ఇల్లు చక్కబెట్టుకున్నాక నన్నూ తీసుకెళతానంటుంది, ఆ మాటా పొందిగ్గానే అంటుంది. ఈమధ్య ఒక సాయంత్రం డ్యూటీ లేక వరండా మెట్ల మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. నేను లోపలికి వెళ్లి ఫోను బల్ల మీద పెట్టాను. చేతి గడియారం విప్పి దాని పక్కన పెట్టాను. వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాను.

"ఆ ముసలాయన ఏమడిగాడు నిన్ను?" అన్నాను.

ఆవిడ ఎవరని అడగలేదు. కాయలు తుంచడం ఆపింది.

"ఇప్పుడెందుకండీ అది?"

"వినాలని."

"లెక్కెట్టరుగా?" అంది. నవ్వుతూ అందేమోనని చూశాను. నవ్వలేదు. పెట్టను అన్నాను.

తెలుగులోనే మొదలుపెట్టింది. ఆయన మంచం కిటికీ పక్కన అంది. చేతులు కొబ్బరి పీచులా గరుగ్గా ఉండేవి, సూది గుచ్చడానికి నరం దొరికేది కాదు అంది. ఒకరోజు నరం దొరక్క తాను విసుక్కుంటే, ఆయనే, పరవాలేదమ్మా మళ్లీ గుచ్చు అన్నాడట. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతు ఆ పాత గొంతులా ఉంది. మధ్యలో చిక్కుడు ఈనె ఒకటి చీర మీద పడితే తీసుకోలేదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. చెయ్యి పట్టుకున్నాడండీ, అంది. తన మణికట్టు తాను పట్టుకుంది.

"ఒక్కటి అడుగుతానమ్మా అన్నాడు."

అక్కడ ఆగింది. ఆవిడ కళ్లు నా మొహం మీద లేవు. నా కుడిచేతి మీద ఉన్నాయి. నేనూ చూశాను. చెయ్యి నా మోకాలి మీదే ఉంది. బొటనవేలు ఉంగరపు వేలి రెండో కణుపు మీద ఉంది.

దేన్ని లెక్కపెడుతున్నానో నాకు తెలియదు. తెలుగులో తప్పులేముంటాయి? వాక్యాలో, క్షణాలో. ఆ వేలు అక్కడికి ఎలా నడిచి వెళ్లిందో దేవుడి మీద ఒట్టు నాకు తెలియదు. చెయ్యి గభాలున తొడ కింద దాచుకున్నాను. దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలాగా.

ఆవిడ చీర మీది ఈనె తీసి పళ్లెంలో వేసింది. అన్నం మాడుతుందేమో చూసొస్తాను అని లేచి లోపలికి వెళ్లింది. కుక్కరు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

మిగిలిన కాయలు నేను తుంచాను. ఎన్నో లెక్కపెట్టలేదని గట్టిగా చెప్పలేను.

అందుకని ఆ ముసలాయన అడిగిన మాటని పోయినవాటిలో రాయడం లేదు. పోలేదు, ఆవిడ దగ్గర ఉంది. కార్డుకి రెండు నిమిషాలు. నేను విన్నది ఒక నిమిషం పది సెకన్లు. ఆవిడకి నేను ఇప్పటికీ బాకీ ఉన్నది యాభై సెకన్లు.